ఉత్తరం ఎక్కడ నిలుస్తుంది? కవిలె కట్ట నుంచి లోకల్ ఫోల్డర్ దాకా

0. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• కడప జిల్లా చరిత్రకు ఉత్తరాలు, ఊరి లెక్కలు ఏ విధంగా ఆధారాలుగా మిగిలాయో వివరించగలుగుతారు.
• ఈమెయిల్ ఉత్తరం ఏ రూపంలో, ఎక్కడ నిల్వ ఉంటుందో చెప్పగలుగుతారు.
• మీ కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్‌లో ఉత్తరాలు మీ దగ్గరే నిలిచేటట్లు అమర్చుకోగలుగుతారు.
• అట్లా నిలిచిన ఉత్తరాన్ని చరిత్ర ఆధారంగా పరీక్షించి వాడుకోగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర పాఠంలో కంప్యూటర్ సంగతి ఏమిటని మీకు సందేహం రావచ్చు. నాకు కూడా మొదట ఆ సందేహం ఉండేది. దాన్ని తీర్చింది పులివెందులలోని ఒక చిన్న జిరాక్సు అంగడి. ఆ సంగతితోనే పాఠం మొదలుపెడతాను.

జమ్మలమడుగుకు పడమటగా, కొండాపురం మండలంలో, పెన్న మీద కట్టిన గండికోట జలాశయం కింద ఎన్నో ఊళ్ళు మునిగిపోయాయి. తాళ్ళప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరు కూడా 2020లో ఖాళీ అయింది. జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఆ నీటి అడుగున ఇప్పుడు వీధులు, బావులు, రచ్చకట్టలు ఉన్నాయి. అటువంటి ముంపు గ్రామాల్లో ఒకదానికి చెందిన విశ్రాంత ఉపాధ్యాయుడొకరు చాలా ఏళ్ళపాటు నాకు ఈమెయిళ్ళు రాశారు. ఊళ్ళో ఏ వీధికి ఆ పేరు ఎందుకొచ్చింది, ఏ బావి ఎవరు తవ్వించారు, జాతరలో అమ్మవారి బండి ఎక్కడెక్కడ ఆగుతుంది మొదలైన వివరాలు నేను అడుగుతుంటే ఆయన ఓపికగా రాసేవారు. నేను ఆయన్ను 'అయ్యవారూ' అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను 'సార్' అనేవారు.

ఆ ఉత్తరాలన్నీ నేను పనిచేసిన సంస్థ ఇచ్చిన మెయిల్ ఖాతాలో ఉండేవి. నేను పదవీ విరమణ చేసిన కొంతకాలానికి ఆ ఖాతా మూసేశారు. సర్వర్లో ఉన్నవి కదా, ఎక్కడికి పోతాయి అనుకున్నాను. పోయాయి. అప్పటికి ఊరు లేదు, మరి కొన్నాళ్ళకు అయ్యవారు కూడా లేరు. ముప్ఫై ఏళ్ళు విద్యార్థులకు ఆధారాల గురించి పాఠాలు చెప్పినవాణ్ణి, నా చేతిలోని ఆధారాన్ని నేనే పోగొట్టుకున్నాను.

పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన కొడుకుతో ఈ మాట అన్నాను. పులివెందులలో అంగడి నడుపుకునే అబ్బాయి అతను. "సార్, నాయన వాడిన పాత కంప్యూటర్ మా అంగడి అటక మీదే ఉంది. ఏమన్నా ఉంటే చూడండి" అన్నాడు. ఆ పెట్టెలో ఏం దొరికింది, ఎందుకు దొరికింది అన్నదే ఈ పాఠం. దానికి ముందు, మన జిల్లాలో ఉత్తరాలు, లెక్కలు ఇంతకు మునుపు ఎట్లా నిలిచాయో చూద్దాం.

2. కరణం ఇల్లే భాండాగారం

పూర్వం ప్రతి ఊరికీ కరణం ఉండేవాడు. భూముల కొలతలు, ఈనాములు, శిస్తు, చెరువులు, గుళ్ళు, ఎవరెవరు ఏలారు అనే వివరాలు ఆయన దగ్గర తాటాకుల మీద, తరవాత కాగితాల మీద ఉండేవి. వీటినే కవిలెలు అన్నారు. వీటికి ప్రత్యేకమైన కచేరీ లేదు. కరణం ఇంటి అటకే భాండాగారం. తండ్రి తరవాత కొడుకు ఆ కట్టలను విప్పి, చూసి, కొత్త లెక్క చేర్చి మళ్ళీ కట్టేవాడు.

1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. కడప ప్రాంతం అందులో భాగం. సర్వే పని మీద ఈ ప్రాంతంలో పనిచేసిన కాలిన్ మెకంజీ, 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కావలి బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య వంటి సహాయకులతో ఊరూరి వృత్తాంతాలను రాయించాడు. కరణాలు తమ కవిలెలు చూసి చెప్పినవి, రాసి ఇచ్చినవి కైఫీయత్తులయ్యాయి. కైఫీయత్తు అంటే వివరం, వృత్తాంతం అని అర్థం. గండికోట కైఫీయత్తు వంటివి ఇవాళ మనం చదువుకోగలుగుతున్నామంటే దానికి మూలం ఆ అటకల మీది కట్టలే.

1821లో మెకంజీ చనిపోయాడు. కంపెనీ ప్రభుత్వం ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దాని పట్టిక ప్రకటించాడు. కాని కాగితం ఎవరు కొన్నారన్నది చెదపురుగుకు పట్టదు. తెలుగు కైఫీయత్తులు శిథిలం కాసాగాయి. అప్పుడు వాటికి శుద్ధప్రతులు రాయించిన వారిలో ముఖ్యుడు సి.పి. బ్రౌన్. మూలం పాడైన చోట ఆ నకలే మనకు దిక్కయింది.

ఇక కరణాల దగ్గర మిగిలినవి ఏమయ్యాయి? 1984లో ప్రభుత్వం కరణీకాలను రద్దు చేసింది. ఆ వ్యవస్థలోని మంచిచెడ్డల చర్చ వేరు. మన విషయానికి సంబంధించినంత వరకు, అటకల మీది పాత కట్టలకు వారసుడెవరో తెలియకుండా పోయింది. ఊరూరా క్షేత్ర పర్యటనలు చేసిన రోజుల్లో 'వానకు తడిసినాయి సామీ, పారేస్తిమి' అనే మాట నేను ఎన్నోసార్లు విన్నాను.

ఇక్కడ మీరు రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఆధారం మొదట స్థానికంగానే పుట్టింది, స్థానికంగానే నిలిచింది. రెండు, ఒకే చోట ఒకే ప్రతి ఉన్నప్పుడు అది పోయింది, నకలు ఉన్నప్పుడు మిగిలింది.

3. కడప, జమ్మలమడుగు ఉత్తరాలు

బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు రాయించాడు, పాఠాలు సరిచూపించాడు. ఆ పండితులతో, గుమాస్తాలతో, స్నేహితులతో సాగిన ఉత్తరాలను కూడా ఆయన పారేయలేదు. అందువల్లనే 1970లలో బంగోరె ఆ జాబులను వెతికి పట్టుకుని, పందొమ్మిదో శతాబ్దపు తెలుగు వాడుక భాష, జీవితం ఎట్లా ఉండేవో మనకు చూపించగలిగారు. కావ్యాల్లో కనిపించని తెలుగు ఆ జాబుల్లో కనిపిస్తుంది. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో గ్రంథాలయం వెలసింది. ఆ తరవాత అది యోగివేమన విశ్వవిద్యాలయం కింద పరిశోధన కేంద్రమయింది.

జమ్మలమడుగు కథ ఇంకొక రకం. లండన్ మిషనరీ సొసైటీ వారు అక్కడ పనిచేశారు. క్యాంబెల్ ఆసుపత్రి పేరు ఆ ప్రాంతంలో ఇవాళ్టికీ అందరికీ తెలుసు. మిషనరీలు తమ పని గురించి, కరువుల గురించి, జబ్బుల గురించి లండన్‌లోని కేంద్ర కార్యాలయానికి ఉత్తరాలు రాసేవారు. అక్కడివారు వాటిని ప్రాంతాలవారీగా, సంవత్సరాలవారీగా భద్రపరచారు. ఆ సొసైటీ కాగితాలు నేడు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన 'సోయాస్' గ్రంథాలయంలో ఉన్నాయి. జమ్మలమడుగు సంగతి తెలుసుకోవడానికి జమ్మలమడుగు పిల్లవాడు లండన్ వైపు చూడవలసి రావడం కష్టమే. అయినా అవి మిగలడం మన అదృష్టం.

ప్రొద్దుటూరును తీసుకోండి. 'శివతాండవం' రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు, 'శివభారతం' రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి, 'రాణాప్రతాపసింహ చరిత్ర' రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని నివసించిన ఊరు అది. అటువంటి ఊళ్ళో ఒక తరం ఉత్తరాలు ట్రంకు పెట్టెల్లో ఉండేవి. ఆ తరవాతి తరం ఉత్తరాలు కంప్యూటర్లోకి వెళ్ళాయి. ట్రంకు పెట్టెను ఎక్కడ పెట్టామో ఇంట్లో వాళ్ళకు తెలుసు. ఈమెయిల్ పెట్టె ఎక్కడుందో రాసుకున్నవాడికే తెలియదు. సమస్య అక్కడ మొదలైంది.

4. ఈమెయిల్ పెట్టె చరిత్ర

ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీద ఉత్తరం పంపే పద్ధతిని 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ రూపొందించాడు. చిరునామాలో మనం చూసే 'ఎట్' గుర్తు ఆయన ఎంపికే. 1970లలో పెరిగిన యూనిక్స్ వ్యవస్థలో ఒక్కొక్క వాడుకదారుకు వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే మామూలు అక్షరాల ఫైలులో ఒకదాని కింద ఒకటి చేరేవి. కొత్త ఉత్తరం ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి 'ఫ్రమ్' అనే మాటతో మొదలయ్యే ఒక పంక్తి ఉండేది. ఈ ఏర్పాటుకే 'ఎంబాక్స్' అని పేరు. కరణం చిట్టాలో ఒక లెక్క కింద గీత గీసి ఇంకొక లెక్క మొదలుపెట్టడం వంటిదే ఇది.

ఒక తమాషా చూడండి. ఉత్తరం లోపల మీరు రాసిన పంక్తే 'ఫ్రమ్' అనే ఆంగ్లపదంతో మొదలైతే? అక్కడ కొత్త ఉత్తరం మొదలైందని ప్రోగ్రామ్ పొరబడుతుంది. అందుకే అటువంటి పంక్తి ముందు ఒక కోణపు గుర్తు చేర్చే ఆచారం వచ్చింది. పాత ఉత్తరాల్లో ఆ గుర్తు కనిపిస్తే, రాసిన మనిషి పెట్టాడని అనుకోకండి. అది నిల్వ చేసిన పద్ధతి విడిచిన ముద్ర. తాళపత్రాల్లో లేఖకుడు చేర్చిన గుర్తులను కవి రచన నుంచి వేరుచేసినట్లే దీన్నీ వేరుచేయాలి.

అన్ని ఉత్తరాలు ఒకే ఫైలులో ఉంటే, ఫైలు దెబ్బతిన్నప్పుడు ఎన్నో ఉత్తరాలకు ముప్పు. 1990లలో డేనియల్ బెర్న్‌స్టీన్ 'మెయిల్‌డిర్' అనే మరొక పద్ధతి తెచ్చాడు. ఇందులో ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలు. మొదటిది కుట్టిన పుస్తకం, రెండవది విడివిడి కార్డుల పెట్టె అనుకోండి. రెండింటిలోనూ ఉన్నది మామూలు అక్షరాలే. ఏ కంపెనీ ప్రోగ్రామూ లేకపోయినా తెరిచి చూడవచ్చు. చరిత్రకారుడికి కావలసిన గుణం అదే.

మన దేశంలో విద్యాసంస్థల కోసం 1986లో ఎర్నెట్ మొదలైంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. కొద్ది సంవత్సరాలకు మన జిల్లా పట్టణాల్లో కూడా నెట్ సెంటర్లు వెలిశాయి.

5. పాప్, ఐమ్యాప్: ఉత్తరం ఎవరి దగ్గర?

సర్వర్ నుంచి ఉత్తరాన్ని మన దగ్గరికి తెచ్చుకోవడానికి రెండు ముఖ్యమైన పద్ధతులు వచ్చాయి. 1984లో మొదలై 1988లో మూడవ రూపం పొందిన 'పాప్' పద్ధతిలో ఉత్తరం మన కంప్యూటర్లోకి దిగుతుంది. తపాలా కచేరీకి వెళ్ళి మన ఉత్తరాలు మనం తెచ్చుకోవడం వంటిది ఇది. 1986లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన 'ఐమ్యాప్' పద్ధతిలో అసలు ప్రతి సర్వర్లోనే ఉంటుంది. మనం ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు. ఇంట్లో, కచేరీలో, ఫోనులో ఒకే పెట్టె కనిపించడం దీని సౌకర్యం.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ చోటు ఉచితంగా ఇవ్వడంతో, ఉత్తరాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఎందుకనే ఆలోచన బలపడింది. సౌకర్యాన్ని నేను కాదనను. కాని అక్కడ మనం అద్దె ఇంటివాళ్ళం. యాహూ సంస్థ తన గ్రూపుల సేవను 2020 డిసెంబర్ 15న పూర్తిగా మూసింది. వాటిలో ఏళ్ళ తరబడి సాగిన తెలుగు సాహిత్య చర్చలు కూడా ఉండేవి. తమ పెట్టెలోకి దించుకున్నవారి దగ్గరే పాత ఉత్తరాలు నిలిచాయి. రెండేళ్ళపాటు వాడని సొంత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబర్ నుంచి అది అమలులోకి వచ్చింది. కువైట్‌లో పనిచేసి అక్కడి నుంచి ఇంటికి ఉత్తరాలు రాసిన తండ్రి చనిపోతే, ఆయన ఖాతాను ఎవరు తెరుస్తారు? ఎవరూ తెరవకపోతే అది వాడని ఖాతా కిందికే వస్తుంది. మన జిల్లాలో ఈ ప్రశ్న ఎన్ని ఇళ్ళకు సంబంధించినదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

6. మీ కంప్యూటర్‌లో అమర్చుకోవడం

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఉదాహరణకు థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్‌ను తీసుకుంటున్నాను. 2004 డిసెంబర్‌లో దాని మొదటి పూర్తి రూపం విడుదలైంది. డబ్బు కట్టనక్కరలేదు, నిల్వ పద్ధతి అందరికీ తెలిసినది. వేరే ప్రోగ్రామ్ వాడేవారు కూడా సూత్రం గ్రహిస్తే చాలు.

అ) నిల్వ రూపం. సెట్టింగ్స్‌లో కొత్త ఖాతాల 'మెసేజ్ స్టోర్ టైప్' అని ఉంటుంది. 'ఫైల్ పర్ ఫోల్డర్' అంటే ఎంబాక్స్. 'ఫైల్ పర్ మెసేజ్' అంటే మెయిల్‌డిర్. ఖాతా పెట్టకముందే దీన్ని నిర్ణయించుకోవాలి. చిరకాలంగా నడుస్తున్నది, ఇతర ప్రోగ్రాములకు తేలికగా అందేది మొదటిదే. మీకు నా సలహా అదే.

ఆ) నిల్వ చోటు. అకౌంట్ సెట్టింగ్స్‌లో 'లోకల్ ఫోల్డర్స్' తెరిస్తే 'లోకల్ డైరెక్టరీ' అనే పంక్తి కనిపిస్తుంది. మీ ఉత్తరాల ఫైళ్ళు ఉన్న చోటు అదే. మొదట ఆ దారిని ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పండి. చోటు మార్చదలిస్తే ప్రోగ్రామ్ మూసి, పాత ఫోల్డర్‌ను కొత్త చోటికి నకలు చేసి, ఆ తరవాతనే 'బ్రౌజ్' నొక్కి కొత్త చోటు చూపండి. ముందు చోటు మార్చి తరవాత వెతుక్కుంటే పెట్టె ఖాళీగా కనిపించి గుండె జారుతుంది.

ఇ) పాప్ ఖాతా అయితే 'లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్' అనే గడి చూడండి. అక్కడ టిక్కు ఉంటే సర్వర్లో ఒక ప్రతి, మీ దగ్గర ఒక ప్రతి ఉంటాయి. దాని కిందనే ఎన్ని రోజుల దాకా అనే లెక్క కూడా ఉంటుంది. దాన్ని చదవకుండా వదలకండి.

ఈ) ఐమ్యాప్ ఖాతా అయితే, ఉత్తరాలు మీ కంప్యూటర్లో కనిపించినంత మాత్రాన అవి మీవి అయ్యాయనుకోవద్దు. సర్వర్లో తొలగితే ఇక్కడి ప్రతి కూడా తొలగిపోతుంది. ముఖ్యమైనవాటిని 'లోకల్ ఫోల్డర్స్' కింద ఒక కొత్త ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేయండి. మీరు పంపినవాటిని కూడా మరవకండి. చాలామంది వచ్చినవి దాచుకుంటారు, రాసినవి వదిలేస్తారు. ప్రశ్న లేని జవాబు సగం ఆధారమే.

ఉ) ఫైళ్ళను గుర్తుపట్టడం. ఆ ఫోల్డర్లో 'ఇన్‌బాక్స్', 'సెంట్' అనే పేర్లతో, చివర తోక లేని ఫైళ్ళు ఉంటాయి. ఉత్తరాలు అందులోనే ఉంటాయి. అదే పేరుతో 'ఎంఎస్ఎఫ్' తోక ఉన్న చిన్న ఫైలు విషయసూచిక మాత్రమే. సూచిక పోతే ప్రోగ్రామ్ మళ్ళీ తయారుచేసుకుంటుంది. తోక లేని ఫైలు పోతే ఎవరూ తయారుచేయలేరు. ఇది తెలియక పనికిరాని ఫైలనుకుని పారేసినవారు ఉన్నారు.

ఊ) కొట్టివేత. ఎంబాక్స్‌లో ఒక ఉత్తరాన్ని తొలగిస్తే అది వెంటనే ఫైలులోంచి పోదు. కొట్టివేసినట్లు గుర్తు మాత్రం పడుతుంది. 'కాంపాక్ట్' చేసినప్పుడే నిజంగా పోతుంది. కనుక పొరపాటున తొలగించానని తెలిసిన వెంటనే ప్రోగ్రామ్ మూసి, ఫైలుకు నకలు తీయండి. కాంపాక్ట్ ఒప్పుకోకండి.

ఋ) నకలు. నెలకొకసారి ప్రోగ్రామ్ మూసి, మొత్తం ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌కో బయటి డిస్కుకో నకలు చేయండి. పాత 'ఫ్యాట్32' పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీని మించిన ఫైలును తీసుకోదు. అందుకే ఏడాదికొక ఫోల్డర్ చేసుకోవడం మేలు. ఒక నకలు మీ ఇంట్లో కాక మరొక ఊళ్ళో బంధువుల ఇంట ఉంచండి. ఇక జీమెయిల్‌లోనే ఉన్న పాత ఉత్తరాలను 'టేకౌట్' అనే సదుపాయం ద్వారా ఎంబాక్స్ ఫైలుగానే దించుకోవచ్చు.

7. తెలుగు అక్షరాల చిక్కు

ఫైలు మిగిలినా అక్షరం మిగలకపోవచ్చు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఆంగ్లాక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతిని రైస్ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. ఆ పద్ధతిలో రాసినవి ఇవాళ కూడా చదవవచ్చు, తేలికగా తెలుగు లిపిలోకి మార్చవచ్చు. ఆ తరవాత ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేతం వాడిన కాలం వచ్చింది. ఆ ఫాంటు లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తరవాత అది మామూలు వాడుకదారుల దాకా చేరింది.

ఇంకొక జాగ్రత్త. ఎంబాక్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు ఉత్తరం ఆంగ్లాక్షరాల గజిబిజిగా కనిపించవచ్చు. పాడైందని బెదరవద్దు. పాత మార్గాలు ఆంగ్లాక్షరాలనే మోయగలిగేవి. అందుకని ఇతర లిపులను, జతచేసిన బొమ్మలను 'బేస్64' వంటి సంకేతాలలోకి మార్చి పంపే పద్ధతి ఏర్పడింది. మెయిల్ ప్రోగ్రామ్‌లో తెరిస్తే అది మళ్ళీ తెలుగవుతుంది. ఈ మార్పు వల్ల జతచేసిన ఫైలు పరిమాణం మూడింట ఒక వంతు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

8. పులివెందులలో దొరికినది

ఇక అటక మీది కంప్యూటర్ దగ్గరికి వద్దాం. 2010లో కొడుకు తన అంగడిలోని పాత కంప్యూటర్ ఒకటి తండ్రికి ఇచ్చి, అందులో మెయిల్ ప్రోగ్రామ్ పెట్టాడు. పల్లెలో డేటా కార్డు ఖరీదు ఎక్కువ, సిగ్నల్ తక్కువ. కనుక పాప్ పద్ధతిలో అమర్చాడు. అయ్యవారు తీరికగా రాసిపెట్టుకుని, సిగ్నల్ ఉన్నప్పుడు ఒక్కసారిగా పంపేవారు. చరిత్రను కాపాడాలని ఎవరూ అనుకోలేదు. ఖర్చు తగ్గించాలని చేసిన ఏర్పాటు అది.

ఊరు ఖాళీ చేసిన రోజుల్లో ఆ పెట్టె పులివెందుల చేరింది. మేము డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి చూస్తే 'సెంట్' అనే తోక లేని ఫైలు కనిపించింది. ముందు దానికి నకలు తీసి, ఆ నకలునే తెరిచాం. నాకు రాసినవి 143 ఉత్తరాలు. కొడుకు మొదటి రెండు చదివి "నాయన మాట్లాడినట్టే ఉండాది సార్" అని అంగడి బయటికి వెళ్ళిపోయాడు.

అన్నీ దొరకలేదు. 2010కి ముందు ఆయన జమ్మలమడుగులోని నెట్ సెంటర్ నుంచి రాసేవారు. ఆ ఉత్తరాలు ఏ కంప్యూటర్లోకీ దిగలేదు. వీధుల పేర్ల గురించి రాసినవి ఆ కాలానివే. అవి పోయాయి. బావుల గురించి, జాతర గురించి రాసినవి మిగిలాయి. నా ప్రశ్నలు ఆయన జవాబుల అడుగున అతుక్కుని ఉండడం వల్ల నా ఉత్తరాలు కూడా కొన్ని తిరిగి దొరికాయి.

ఇటువంటి ఆధారాన్ని ఎట్లా పరీక్షించాలి? ఉత్తరం పైభాగంలో తేదీ, గంట, పంపిన చిరునామా, ఉత్తరానికి ఇచ్చిన ప్రత్యేక సంఖ్య ఉంటాయి. మనకు వచ్చిన ఉత్తరంలోనైతే అది ఏయే సర్వర్ల గుండా నడిచిందో కూడా తపాలా ముద్రల్లాగా వరుసగా ఉంటుంది. పంపినవాడి దగ్గరి ప్రతిలో ఆ ముద్రలు ఉండవు. తేదీ కూడా రాసిన కంప్యూటర్ గడియారాన్ని బట్టి పడుతుంది. ఆ గడియారం తప్పితే తేదీ తప్పుతుంది. కనుక ఉత్తరంలోని సంగతులను ఇతర ఆధారాలతో పోల్చాలి. అయ్యవారి ఉత్తరాల్లో ఒకదాని మీద 2002 అని తేదీ ఉంది. అప్పటికి ఆ కంప్యూటరే ఆయన దగ్గర లేదు. అందులో ప్రస్తావించిన జాతరను బట్టి అది చాలా తరవాతి ఉత్తరమని తేలింది. శాసనంలోని తేదీని పరీక్షించినట్లే దీన్నీ పరీక్షించాలి.

చివరిగా అనుమతి. ఉత్తరం మీకు దొరికినంత మాత్రాన ప్రకటించే హక్కు రాదు. ఆ ఫైలులో ఇతరులకు రాసినవి, ఇంటి విషయాలు కూడా ఉన్నాయి. వాటిని మేము తెరవలేదు. ఊరి సంగతులున్నవాటిని మాత్రమే, కుటుంబం ఒప్పుకున్న తరవాత, వేరే ఫోల్డర్‌లోకి తీశాం. ఇప్పుడు ఆ ఫైలుకు మూడు నకళ్ళున్నాయి. ఒకటి పులివెందులలో, ఒకటి ప్రొద్దుటూరులో నా దగ్గర, ఒకటి జమ్మలమడుగు దగ్గర పునరావాస కాలనీలో ఉంటున్న వారి బంధువుల ఇంట్లో.

9. సారాంశం

కవిలె, కైఫీయత్తు, జాబు, ఈమెయిల్ నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. ఎవరో ఒకరు తమ చేతికి అందే చోట, అందరూ చదవగల రూపంలో, ఒకటికి మించిన ప్రతులతో ఉంచినప్పుడే ఉత్తరం మిగిలింది. సర్వర్ సౌకర్యం, నకలు భద్రత. రెండూ ఉండాలి. మీ ఊరి చరిత్ర రాయబోయేవాడికి కావలసిన ఉత్తరం ఇవాళ మీ పెట్టెలోనే ఉండవచ్చు. ఈ పాఠం మూసిన తరవాత లోకల్ డైరెక్టరీ ఎక్కడుందో ఒకసారి చూడండి. చూసి, కాగితం మీద రాసి పెట్టండి.

10. ముఖ్య పదాలు

కవిలె: కరణం ఉంచే ఊరి లెక్కల, వృత్తాంతాల కట్ట.
కైఫీయత్తు: మెకంజీ కాలంలో ఊరూరా రాయించిన వృత్తాంతం.
ఎంబాక్స్: ఒక ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఉండే నిల్వ పద్ధతి.
మెయిల్‌డిర్: ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలుగా ఉండే నిల్వ పద్ధతి.
లోకల్ డైరెక్టరీ: ఉత్తరాల ఫైళ్ళు మన కంప్యూటర్లో ఉండే చోటు.

11. మాదిరి ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు పది పంక్తులలో జవాబులు రాయండి.
1. కైఫీయత్తులు నిలవడంలో నకళ్ళ పాత్రను వివరించండి.
2. పాప్, ఐమ్యాప్ పద్ధతులలో ఉత్తరం అసలు ప్రతి ఎక్కడ ఉంటుంది? భద్రత దృష్ట్యా తేడా చెప్పండి.
3. ఈమెయిల్ మీది తేదీని చరిత్రకారుడు ఎందుకు వెంటనే నమ్మకూడదు?

ఆ. ఈ కింది ప్రశ్నకు ముప్ఫై పంక్తులలో జవాబు రాయండి.
1. జమ్మలమడుగు మిషనరీల ఉత్తరాలు లండన్‌లో మిగలడాన్ని, ముంపు గ్రామ ఉపాధ్యాయుని ఉత్తరాలు పులివెందులలో మిగలడాన్ని పోల్చి, స్థానిక నిల్వ ప్రాధాన్యాన్ని చర్చించండి.

ఇ. అభ్యాసం
మీ ఇంట్లోని పెద్దవారిలో ఒకరి అనుమతితో, వారి ఈమెయిళ్ళలో ఊరికి సంబంధించిన ఐదింటిని లోకల్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఒక్కొక్క దానికి తేదీ, రాసినవారు, విషయం తెలిపే పట్టిక తయారుచేసి మీ కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.